లోపల వదిలిన గుడ్డ

ఎవరి గుడ్డనైనా కత్తిరించి పారేయాలంటే ఆల్టరేషనమ్మకు చెయ్యి రాదు. ప్యాంటు పొడుగైందని ఎవరైనా వస్తే మిగతా దర్జీలు కత్తెర తీసి కచకచా కోసేస్తారు. ఈవిడ మాత్రం మిగులు గుడ్డను లోపలికి మడిచి, బయటికి కనపడకుండా చేతికుట్టు వేసి ఇస్తుంది. "ఉండనివ్వండి, రేపు ఎవరికి ఏం అవసరమో" అంటుంది. పొట్ట తగ్గిందని మురిసిపోతూ నడుము బిగింపించుకున్న పెద్దమనిషి ఏడాది తిరక్కుండా అదే ప్యాంటు పట్టుకుని, ఈసారి కాస్త నేల చూపులు చూస్తూ, మళ్ళీ వస్తాడు. ఈవిడ కిమ్మనకుండా లోపలి గుడ్డ వదులుతుంది. ఆ వీధిలో అందరికీ ఆమె ఆల్టరేషనమ్మే. అసలు పేరు కొట్టు బోర్డు మీద కూడా ఉండదు.

కొట్టంటే పెద్ద కొట్టేం కాదు, ఒకే గది. గుమ్మానికి ఇటుపక్క ఆవిడ కుట్టుమిషను, అటుపక్క భర్త తాళంచెవులు అరగదీసే మిషను. ఆయన్ని తాళాలాయన అంటారు. ఆయన మిషను కీచుమంటుంది, ఈవిడ మిషను గడగడమంటుంది. ఒకరి మాట ఒకరికి వినపడక ఇద్దరూ సగం రోజు అరుచుకుంటూనే ఉంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు మొగుడూ పెళ్ళాలు కొట్టుకుంటున్నారేమో అని గుమ్మంలోనే ఆగిపోతారు. ఆ రెండు మిషన్ల మధ్య, గుడ్డముక్కల గంపలో, ఐదేళ్ళుగా ఒక పిల్ల పెరిగింది.

ఆ పిల్ల ఆవిడ కన్న పిల్ల కాదు, చెల్లెలి కూతురు. "ఒక్క ఆర్నెల్లు చూసుకో అక్కా. ఇద్దరివీ షిఫ్టు డ్యూటీలు, ఆ ఊళ్ళో మాకింకా సరైన ఇల్లు కూడా లేదు" అని పాలసీసాతో సహా అప్పజెప్పి వెళ్ళింది చెల్లెలు. ఆర్నెల్లు ఏడాదైంది, ఏడాది ఐదేళ్ళయింది. పిల్లల్లేని ఇంటికి పిల్లను పంపి ఆర్నెల్లని గడువు పెట్టడం ఏం న్యాయమో, పెట్టినవాళ్ళకే తెలియాలి. గడువు దాటిన కొద్దీ ఆల్టరేషనమ్మ పైకి మాత్రం "కన్నదానికి పట్టకపోతే ఎలా, నాకేమో పని తెమలదు" అని విసుక్కునేది. లోపల హమ్మయ్య అనుకునేది. పిల్లకు బుడంకాయ అని ముద్దుపేరు పెట్టింది తాళాలాయన. బుడంకాయ ఆల్టరేషనమ్మను అమ్మా అని పిలిచేది. వారానికోసారి ఫోన్లో కనపడే కన్నతల్లిని ఫోనమ్మ అనేది. ఎవరూ నేర్పలేదు. ఎవరూ దిద్దనూ లేదు.

ఫోనమ్మ ఫోను చేసిన రోజు ఆల్టరేషనమ్మ ఒక కోటుకు కొత్త జిప్పు వేస్తోంది.

"అక్కా, ఇల్లు దొరికింది. బడిలో సీటు కూడా వచ్చింది. బడులు తెరిచేలోపు వచ్చి పిల్లను తీసుకెళ్తాం. దానికి వేరే గది, వేరే మంచం, అన్నీ అమర్చాను."

"వేరే మంచమా" అంది ఆల్టరేషనమ్మ.

"పెద్దదవుతోంది కదక్కా. అలవాటు చెయ్యాలి."

"చెయ్యాలిలే."

ఫోను పెట్టేసింది. ఏమైనా పని ఆగదు కదా, జిప్పు వేసేసింది. సాయంత్రం కోటు గలాయన వచ్చి తొడుక్కుని చూస్తే జిప్పు మెడ దగ్గర్నుంచి కిందికి మూసుకుంటోంది. ఇన్నేళ్ళలో ఆమె చేతి మీదుగా అలాంటి తప్పు జరగలేదు. తాళాలాయన తన మిషను ఆపి ఆమె వైపు చూశాడు.

పిల్లకు సంగతి చెప్పాల్సి వచ్చింది. కొత్త ఇల్లు, కొత్త బడి, కిటికీలోంచి చూస్తే రైలు కూడా కనపడుతుందట, అని ఊరించి ఊరించి చెప్పింది. బుడంకాయ అన్నీ విని ఒక్కటే అడిగింది.

"వేరే మంచం అయితే నువ్వెక్కడ పడుకుంటావ్?"

ఆ పిల్లకు నిద్ర రావాలంటే ఆల్టరేషనమ్మ నైటీ అంచు వేలికి చుట్టుకోవాలి. చుట్టుకుని, అటూ ఇటూ రెండు మెలికలు తిప్పి, అప్పుడు కళ్ళు మూస్తుంది. నైటీకి ఆ పక్క అంచు ఎప్పుడూ పీచులు లేచే ఉండేది. ఊరి బట్టలన్నీ బాగుచేసే మనిషి తన నైటీ అంచు మాత్రం కుట్టుకోలేదు.

"నేనిక్కడే పడుకుంటా. నీకు మాత్రం ఒక బొంత కుట్టిస్తా" అంది. "నేనే కుడతా. కొట్లో కొన్నది కాదు."

"నన్ను చుట్టుకుంటుందా?"

"చుట్టుకుంటుంది."

మర్నాడే మొదలైంది. గది మధ్యలో బల్లలు గోడకు జరిపి, నేల మీద పాత దుప్పటి పరిచి, దాని మీద బుడంకాయను వెల్లకిలా పడుకోబెట్టి చుట్టూ సుద్దముక్కతో గీత గీసింది. ఆ గీత చుట్టూ ఇంకో జానెడు వదిలి పెద్ద చదరం గీసింది. ఇక గుడ్డలు ఏరడం. గంప బోర్లిస్తే పిల్లకు పండగే. అన్నీ గిరాకీలు ఇక పనికిరావని వదిలేసి పోయిన బట్టల ముక్కలు. ఏ ముక్క ఎవరిదో అన్నీ దానికి తెలుసు. "ఇది బస్సు డ్రైవరుది. ఇది మీసాల తాతది. ఇది ఏడుస్తూ వచ్చిన ఆంటీది" అని ఒక్కొక్కటే తీసి పెట్టింది. ఏడుస్తూ వచ్చిన ఆంటీ ముక్క వద్దని ఆల్టరేషనమ్మ పక్కన పెడితే, పాపం అది కూడా ఉండాలంది. డ్రైవరు నీలం పక్కన మీసాల తాత గోధుమరంగు, దాని పక్కన ఎవరిదో పూల కర్టెను. పొద్దంతా నేల మీద పేర్చడం, చెరపడం, మళ్ళీ పేర్చడం. వచ్చిన గిరాకీలు గుమ్మం మీద నిలబడే బట్టలిచ్చి పోయారు, లోపల కాలు పెట్టే జాగా ఉంటేగా.

అప్పుడే ఒకావిడ కూతురి యూనిఫాం పట్టుకుని వచ్చింది. గౌను మోకాళ్ళు దాటి పైకి పోయింది, కాస్త పొడుగు చెయ్యాలి.

"పోయినేడాది మీరే మడిచి పెట్టారమ్మా, ఇంకో ఏడాదికి వస్తుందని. గుర్తుందా?" అందావిడ.

ఆల్టరేషనమ్మకు గుర్తులేదు, గౌను అంచుకు గుర్తుంది. బ్లేడు తీసుకుని కుట్టు విప్పింది. లోపలి గుడ్డ ఎండ తగలక ముదురు రంగులో, కొత్తగా బయటికొచ్చింది. ఆ గుడ్డకు ఆమె వేళ్ళు ఆన్చి కొలిచింది. ఏడాది క్రితం లోపల దాచిన నాలుగు వేళ్ళ గుడ్డ ఈ తల్లినీ బిడ్డనూ చెయ్యి పట్టి మళ్ళీ ఈ గుమ్మానికి తీసుకొచ్చింది. ఇన్నేళ్ళూ చేస్తున్న పనే. ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ సాయంత్రానికి బొంత లెక్క మారిపోయింది. బొంత ఇప్పటి బుడంకాయకు సరిగ్గా సరిపోవాలి, ఒక్క వేలు కూడా మిగలకూడదు. కాళ్ళ వైపు నాలుగు అంచులు అదనంగా కుట్టి, ఒక్కొక్కటీ కిందికి మడిచి, వెనక పక్క దాచాలి. పిల్ల ఏడాదికింత పెరుగుతుంది. కాళ్ళు బయటికొస్తాయి. వస్తే ఒక మడత విప్పాలి. ఎవరు విప్పాలి? కుట్టినవాళ్ళే విప్పాలి. పిల్లను తీసుకుని ఏడాదికోసారి వాళ్ళు ఈ గుమ్మానికి రాక తప్పదు. నాలుగు మడతలు, నాలుగేళ్ళు. ఈలోగా తొమ్మిదేళ్ళది అవుతుంది, తొమ్మిదేళ్ళ పిల్ల మనుషుల్ని అంత తొందరగా మరిచిపోదు. ఐదేళ్ళ పిల్ల మరిచిపోతుంది. ఆల్టరేషనమ్మ భయమంతా అదే. పిల్లను ఇవ్వనని అనే హక్కు తనకు లేదని ఆమెకు తెలుసు. అడిగితే నలుగురూ తననే తప్పు పడతారని కూడా తెలుసు. తనను మరిచిపోకుండా ఉంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనుకుంది.

భర్తకు చెబితే ఆయన తాళంచెవి ఒకటి వెలుతురుకు పట్టి చూస్తూ విన్నాడు.

"బొంత కుడుతున్నావా, తాళం వేస్తున్నావా?"

"మీకన్నీ తాళాల్లాగే కనపడతాయి."

"మరి నా పని అదేగా. నేనేసిన తాళానికి ఇంకోడు చెవి చెయ్యలేడని నేను ఏ రోజూ ఎవరికీ చెప్పలేదు."

"ఈ కుట్టు ఎక్కడుందో నాకు తప్ప ఎవరికీ కనపడదు. దర్జీవాడికిచ్చినా తికమకపడి వదిలేస్తాడు. మా నాన్న నేర్పిన కుట్టు ఇది."

"మీ చెల్లెలికీ ఆయనే కదా నాన్న?"

"అదా" అని నవ్వింది ఆల్టరేషనమ్మ. "అది సూది ముట్టి ఎన్నేళ్ళయింది. బొత్తాం ఊడితే చొక్కా పారేసే రకం."

నిజమే, తండ్రి కొట్లో కుట్టుపని అంతా పెద్దదానిదే. చిన్నదాని వంతు విప్పుడు పని. పాత కోట్లు, తప్పు కుట్లు, అన్నీ దాని ఒళ్ళో పడేసేవాడు. మొహం మాడ్చుకుని, గొణుక్కుంటూ, గుడ్డ మీద గీత పడకుండా విప్పి పడేసేది. పెద్దయ్యాక ఆ కొట్టు ఛాయలకే రాలేదు. ఆ సంగతి ఆల్టరేషనమ్మకు ఆ క్షణంలో గుర్తుకు రాలేదు. కుట్టేవాళ్ళకు కుట్టడమే పనిలా కనపడుతుంది, విప్పడం కూడా ఒక పనే అని తోచదు.

మడతల్లో ఏం పెట్టాలో ఎంచుకోవడానికే ఎక్కువ రోజులు పట్టింది. మొదటి మడతకు పిల్ల మొదటిసారి లేచి నిలబడినప్పుడు వేసుకున్న గళ్ళ గౌను. రెండోదానికి కొట్టు కర్టెను, దాని వెనక దాక్కుని కాళ్ళు కనపడుతున్నా తను కనపడటం లేదనుకునేది. మూడోదానికి తాళాలాయన పని చేసేటప్పుడు కట్టుకునే మందపాటి గుడ్డ, ఆయన ఒళ్ళో కూర్చుని ఇనప రజను ఊదేది. నాలుగోదానికి తన నైటీ. పీచులు లేచిన ఆ అంచును అలాగే, సరిచెయ్యకుండా, కత్తిరించి పెట్టింది. తన బట్టను కత్తిరించడానికి మాత్రం చెయ్యి అడ్డం రాలేదు. ఏడాదికొక్కటి విప్పుతూ, ఇది ఏంటో తెలుసా అని అడుగుతూ, ఆ కథ చెప్పాలని ఆశ. నైటీ కథ చివర చెప్పాలి, అప్పటికి పిల్లకు అర్థమయ్యే వయసు వస్తుంది.

కుట్టడం అయ్యాక పిల్లను బొంత మీద పడుకోబెట్టి చూసింది. కాలి బొటనవేలు దగ్గర అంచు సరిగ్గా ఆగింది.

"ఇదిగో, నువ్వు పెరిగి కాళ్ళు బయటికొచ్చాయనుకో, అప్పుడు వాళ్ళు నిన్ను నా దగ్గరికి తీసుకొస్తారు. నేను లోపల దాచినది విప్పుతా. మళ్ళీ నీకు సరిపోతుంది."

"కాళ్ళు బయటికొస్తే వచ్చెయ్యొచ్చా?"

"వచ్చెయ్యొచ్చు."

పిల్ల తన కాలివేళ్ళ వైపు చూసుకుంది. వేళ్ళు కదిపింది. తాళాలాయన ఏదో అనబోయి మిషను ఆన్ చేసుకున్నాడు.

చెల్లెలూ మరిదీ వచ్చిన రోజు ఇల్లంతా మర్యాదే. చెల్లెలు అందరికీ ఏవేవో తెచ్చింది. అక్క చేతులు పట్టుకుని, "నువ్వు లేకపోతే మేం ఏమైపోయేవాళ్ళమో అక్కా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అవి దొంగ కన్నీళ్ళు కావు. అదే ఆల్టరేషనమ్మకు మరీ కష్టంగా ఉంది. చెల్లెలు చెడ్డది అయినా బాగుండేది, తిట్టుకోవడానికైనా ఒక దారి దొరికేది.

బుడంకాయ పరిగెత్తుకుంటూ వచ్చి "అమ్మా, నా చెప్పులేవి?" అంటే ఇద్దరూ ఒకేసారి తలెత్తారు. చెల్లెలు పిల్లను దగ్గరికి లాక్కుని మెల్లగా చెప్పింది.

"పెద్దమ్మ అనాలి నాన్నా. నేను కదా అమ్మ."

పిల్ల ఆల్టరేషనమ్మ మొహంలోకి చూసింది, నిజమేనా అన్నట్టు. ఆల్టరేషనమ్మ తల ఊపింది. ఆ తల ఊపడానికి ఆమె ఒంట్లో ఉన్న సత్తువంతా అయిపోయింది. కన్నతల్లికి అమ్మ అనే మాట ఇవ్వడం కూడా దానమేనా అని మనసు మండింది, మండినా పెదవి దాటనివ్వలేదు.

బొంత ఇచ్చినప్పుడు చెల్లెలు ఒళ్ళో పరుచుకుని చూసింది. ముక్కలు చూసి నవ్వింది. తర్వాత అంచు వెంబడి బొటనవేలు పోనిచ్చింది. కాళ్ళ వైపు వచ్చేసరికి వేలు కాస్త నెమ్మదించింది.

"ఇక్కడ బరువుగా ఉందేంటక్కా?"

"లోపల మడతలున్నాయి. పిల్ల పెరిగే కొద్దీ విప్పాలి. ఏడాదికోసారి తీసుకురా, నేను విప్పి పెడతా. ఇంకెవరి చేతా విప్పించకు, గుడ్డ పాడవుతుంది."

చెల్లెలు అక్క మొహం వంక ఒక్క క్షణం చూసింది. ఆవులించకుండానే పేగులు లెక్కపెట్టే మనిషి అది, చిన్నప్పట్నుంచీ.

"అలాగే అక్కా" అంది.

వెళ్ళేటప్పుడు బుడంకాయ ఏడవలేదు. కారు కిటికీలోంచి బొంత పైకెత్తి చూపించింది. "తొందరగా పెరిగేస్తా" అని అరిచింది. ఆల్టరేషనమ్మ చెయ్యి ఊపి, లోపలికొచ్చి, ఖాళీ గంప చూసి, అప్పుడు కూలబడింది.

ఆ తర్వాతి ఏడాది ఆమె కళ్ళలో ఒత్తులు వేసుకుని గడిపింది. మొదట్లో పిల్ల రోజూ ఫోను చేసేది. "ఇంకా రాలేదు కాళ్ళు" అనేది. "వస్తాయిలే, కూర తిను, పాలు తాగు" అనేది ఈవిడ. ఎవరి పిల్ల పొడుగు పెరగాలని ఎవరు ఇంత తహతహలాడి ఉంటారు. తర్వాత ఫోన్లు వారానికి దిగాయి. తర్వాత చెల్లెలు గుర్తు చేస్తే పిల్ల వచ్చి నిలబడటం మొదలైంది. "బాగున్నావా పెద్దమ్మా, అన్నం తిన్నావా పెద్దమ్మా, ఉంటా పెద్దమ్మా." అప్పజెప్పిన పాఠం లాగా గడగడా చెప్పి పరిగెత్తేది. వెనకాల ఎవరో పిల్లల అరుపులు వినపడేవి. ఆడుకుంటోంది, మంచిదేగా, అని ఈవిడ అందరికీ చెప్పేది.

సెలవులు వచ్చాయి. చెల్లెలికి సెలవు దొరకలేదట. "పోనీ నేనే వస్తా" అంది ఆల్టరేషనమ్మ. "కాళ్ళు బయటికొచ్చి ఉంటాయి. బొంత చాలడం లేదేమో పిల్లకు." ఫోనులో చెల్లెలు కాసేపు నీళ్ళు నమిలింది. తర్వాత, "రా అక్కా, నీ ఇల్లే కదా" అంది.

సంచిలో బ్లేడు, సూదుల పెట్టె, అదే రంగు దారం ఉండ పెట్టుకుంది. తాళాలాయన బస్సు దాకా వచ్చాడు.

"గళ్ళ గౌను కథ చెప్పడం మర్చిపోకు" అన్నాడు.

"మర్చిపోతానా."

దారి పొడుగునా ఆ కథే మనసులో అనుకుంటూ వెళ్ళింది. గౌను రంగు, గోడ పట్టుకుని లేవడం, లేచి చప్పట్లు కొట్టబోయి చతికిలబడటం. కాస్త నవ్వు వచ్చేలా చెప్పాలి. ఎక్కువ సాగదీయకూడదు, ఆరేళ్ళ పిల్లకు ఓపిక తక్కువ.

చెల్లెలి ఇల్లు మూడో అంతస్తు. శుభ్రంగా, వెలుతురుగా ఉంది, పేరు పెట్టడానికి లేదు. బుడంకాయ బాగా పొడుగైంది, ముందు పళ్ళు ఊడాయి. "పెద్దమ్మా" అని వచ్చి నడుము చుట్టూ చేతులేసింది, వేసి వెంటనే వదిలేసింది. "నా గది చూద్దువుగాని రా" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

మంచం మీద బొంత పరిచి ఉంది. పరిచి ఉండటం ఏంటి, మంచం దాటి, కాళ్ళ వైపు జారి, నేల మీద కుప్పగా పడి ఉంది. ముందు గళ్ళ గౌను. దాని కింద కర్టెను. దాని కింద తాళాలాయన గుడ్డ. అన్నిటికీ చివర, నేలకు ఆనుకుని, నైటీ ముక్క. దాని పీచులన్నీ ఎవరో శ్రద్ధగా లోపలికి మడిచి, సన్నగా, ఒద్దికగా కుట్టేశారు.

"చూశావా ఎంత పెద్దదైందో" అంది పిల్ల. "ఇంక ఇది ఎప్పటికీ పొట్టిది అవదు పెద్దమ్మా. నేను అమ్మంత అయినా సరిపోతుంది."

ఆల్టరేషనమ్మ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని అంచు పట్టుకుని చూసింది. ఎక్కడా గీత లేదు, చిరుగు లేదు. పాత కుట్టు ఉన్న చోట సూది బెజ్జాలు కూడా గోటితో దిద్ది మూసేశారు. అలా మూయాలని తండ్రి చెప్పేవాడు. ఆ మాట ఆయన చెప్పింది తనకు కాదు.

పిల్ల ఆడుకోవడానికి కిందికి వెళ్ళాక చెల్లెలు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నువ్వే విప్పావా?"

"నేనేనక్కా."

"ఎక్కడుందో ఎలా తెలిసింది?"

"నీ కుట్లు విప్పుతూనే కదా నేను పెరిగింది."

ఆల్టరేషనమ్మకు ఒళ్ళు భగ్గుమంది. "నీకేం అడ్డం వచ్చింది? ఏడాదికొక్కసారి. ఒక్కసారి తీసుకొస్తే నీ సొమ్మేం పోయేది? నా ఐదేళ్ళు నీకు కనపళ్ళేదా? నాలుగు కుట్లు వేసుకున్నా, అదీ ఉంచలేకపోయావా?"

చెల్లెలు గొంతు పెంచలేదు. వచ్చి మంచం మీద కూర్చుంది.

"నీకు చెప్పకూడదనుకున్నా. వచ్చిన కొత్తలో ఇది పడుకునేది కాదక్కా. వెల్లకిలా పడుకుని, కర్రలాగా బిగుసుకుని, కాళ్ళు సాగదీసేది. ఎందుకే అంటే, కాళ్ళు బయటికి రావాలి, వస్తే అమ్మ దగ్గరికెళ్ళొచ్చు అనేది. అమ్మ అంటే నువ్వు. రోజూ అదే. పిక్కలు పట్టేసి ఏడ్చేది, అయినా సాగదీసేది. పొద్దున్నే లేచి ముందు కాళ్ళు చూసుకునేది. నెలల తరబడి చూశాను నేను. నేను కన్న పిల్ల, నా ఇంట్లో, నా దగ్గర్నుంచి వెళ్ళిపోవడానికి పెరుగుతుంటే."

ఆల్టరేషనమ్మ బొంత అంచు మీద నుంచి చెయ్యి తీసేసింది.

"ఒక రోజు అది బడికి వెళ్ళాక కూర్చుని అన్నీ విప్పేశాను. వచ్చి చూసి చాలా ఏడ్చింది. ఆ రోజు నుంచి కాళ్ళు సాగదీయడం మానేసింది. నిద్రపోయింది." చెల్లెలు బొంత చివర వేళ్ళతో తడిమింది. "చివరి మడతలో నీ నైటీ చూసినప్పుడు నాకూ ఏడుపొచ్చింది. అయినా మళ్ళీ మడిచి కుట్టాలనిపించలేదక్కా. నన్ను తిట్టుకుంటే తిట్టుకో."

తిట్టుకోవడానికి ఏం మిగిలిందని. చెల్లెలు చేసింది తప్పని అనలేకపోయింది, ఒప్పని ఒప్పుకోవడానికి మనసు రాలేదు. తన చేతుల్తో, తను ప్రాణం పెట్టుకున్న పిల్లకు, రోజూ పిక్కలు పట్టేసే బొంత కుట్టి పంపింది. పిల్ల మరిచిపోకూడదని కుట్టింది. పిల్ల మరిచిపోవాల్సి వచ్చింది, నిద్ర కోసం.

మధ్యాహ్నం అలసిపోయి వచ్చిన బుడంకాయ బొంత మీదే ముడుచుకుని పడుకుంది. మోకాళ్ళు కడుపులో పెట్టుకుని, మంచంలో చారెడు మేర కూడా లేదు. నైటీ ముక్క ఎక్కడో నేల మీద, దాని కాళ్ళకు అందనంత దూరంలో ఉంది. వేలికి ఏమీ చుట్టుకోలేదు. ఆల్టరేషనమ్మ పక్కనే కూర్చుని గళ్ళ గౌను అంచు మీద చెయ్యి వేసింది. ఇది ఏంటో తెలుసా అని అడగడానికి పిల్ల మెలకువగా లేదు. మెలకువగా ఉన్నా, ఇప్పుడా కథ చెబితే మళ్ళీ ఏం మొదలవుతుందో అని భయం వేసింది.

ఫోను మోగింది. పిల్ల లేవకుండా గబుక్కున తీసి వరండాలోకి వెళ్ళింది. అవతల తాళాలాయన. వెనకాల ఆయన మిషను చప్పుడు లేదు, ఈ ఫోను కోసమే ఆపి ఉంటాడు.

"చేరావా? ఎలా ఉంది బుడంకాయ?"

"బాగుంది. పొడుగైంది. పళ్ళు ఊడాయి."

"మడత విప్పావా?"

ఆల్టరేషనమ్మ వరండా ఊచ గట్టిగా పట్టుకుంది. సంచిలో బ్లేడు, దారం ఉండ అలాగే ఉన్నాయి.

"విప్పాను."

"కథ చెప్పావా?"

"చెప్పాను. నవ్వింది."

అవతల ఆయన కూడా నవ్వాడు. ఏడాదిగా వినని నవ్వు. "అయితే ఇంకా మూడున్నాయన్నమాట" అన్నాడు.

"ఉన్నాయి" అంది ఆల్టరేషనమ్మ. "ఇంకా మూడున్నాయి."